చూచిన దెంత, అన్న దెంత? – వడ్రంగి పిట్టల కుటుంబ కలహాలపై ఒక విమర్శ

1925వ సంవత్సరంలో కాలిఫోర్నియాలోని పక్షిశాస్త్ర సంఘంవారి 'కాండర్' పత్రికలో ఫ్రాంక్ లీచ్ ఒక వ్యాసం ప్రకటించినారు. దాని పేరు 'కాలిఫోర్నియా వడ్రంగి పిట్టలో కమ్యూనిజం'. 1981లో 'ఆనిమల్ బిహేవియర్' పత్రికలో అదే పక్షిని గురించి వాల్టర్ కోనిగ్ వ్రాసిన వ్యాసం శీర్షికలో 'అధికార పోరాటాలు' అన్న మాట కనబడుతుంది. 2020లో 'కరెంట్ బయాలజీ' పత్రికలో సాహస్ బర్వే, కోనిగ్, ఎరిక్ వాల్టర్స్ మొదలైనవారు అదే పక్షిపై ప్రకటించిన చిన్న వ్యాసం శీర్షికలో యుద్ధాలున్నవి, యోధులున్నారు, ప్రేక్షకులు కూడా ఉన్నారు. తొంభై అయిదేండ్లలో పక్షి మారలేదు. దాని చెట్టు మారలేదు, తిండి మారలేదు. మారినది దానికి మనుష్యులు పెట్టిన మాట.

రష్యా విప్లవం జరిగిన ఎనిమిదేండ్లకు వ్రాసిన వ్యాసంలో కమ్యూనిజం అన్న మాట దొర్లడంలో వింత లేదు. పక్షి గుంపు ఒకే గాదెలో గింజ దాచుకొని, ఒకే గూటిలోని పిల్లలకు అందరూ మేత పెట్టడం చూచినవారికి ఆనాడు ఆ మాటే నోటికి వచ్చి ఉంటుంది. తరువాతివారికి వేరే మాటలు వచ్చినవి. ఇట్టి పరిశోధనలను చదివేటప్పుడు, ఆ పక్షులు చేసినట్లు కంటితో చూచినది ఎంత, చూచిన దానికి మన సంసారాల నుండి తెచ్చి తొడిగిన మాట ఎంత అని వేరుచేసి చూడడం అవసరం. ఈ పక్షి విషయంలో ఆ పని చేయడానికి చక్కని అవకాశమున్నది. ఎందుకంటే దీనిని గురించి అర్ధ శతాబ్దం పాటు ఒకే చోట వ్రాసిపెట్టిన లెక్కలు ఉన్నవి.

ముందుగా ఆ పక్షి సంగతి. తెలుగునాట కొబ్బరి మోదుల మీద, మామిడి కొమ్మల మీద కనబడే బంగారు వీపు వడ్రంగి పిట్ట జంటగా బ్రతికే పక్షి. అమెరికా ఖండపు పడమటి భాగంలో, ఆరెగాన్, కాలిఫోర్నియాల నుండి మెక్సికో మీదుగా కొలంబియా వరకు వ్యాపించి ఉన్న ఓక్ వడ్రంగి పిట్ట మాత్రం చాలా చోట్ల గుంపుగా బ్రతుకుతుంది. నల్లని వీపు, తెల్లని ముఖం, ఎర్రని నెత్తి, పాలిపోయిన కన్ను దీని గుర్తులు. 1827లో స్వెయిన్‌సన్ దీనికి 'ఫార్మిసివోరస్', అనగా చీమలను తినేది అని పేరు పెట్టినాడు. పురుగులను తినే మాట నిజమే కాని, దాని బ్రతుకంతా ఓక్ కాయ మీద ఆధారపడి ఉన్నది. (పేరు పెట్టడంలో తొందర కొత్తది కాదని ఇందువల్ల తెలుస్తున్నది!) ఓక్ చెట్టు మన మైదానాలలో లేదు, హిమాలయ పర్వత ప్రాంతాలలో కలదు. దాని కాయ ఇంచుమించు పోకకాయంత ఉండి, చిన్న గిన్నెలో కూర్చోబెట్టినట్లు తొడిమలో ఇమిడి ఉంటుంది.

శరత్కాలంలో కాయలు పండినప్పుడు ఈ పక్షులు వాటిని కోసుకొని వచ్చి, ఎండిన కొమ్మలలోను, మందమైన బెరడులోను, ఒక్కొక్కప్పుడు టెలిగ్రాఫ్ స్తంభాలలోను తొలచిన రంధ్రాలలో ఒక్కొక్క రంధ్రానికి ఒక్కొక్క కాయ చొప్పున బిగించి పెడతవి. కాయ ఎండి కుంచించుకొని పోతే వదులవుతుంది. అప్పుడు దానిని తీసి చిన్న రంధ్రంలోకి మార్చవలసి ఉంటుంది. ఈ పని శీతకాలమంతా సాగుతూనే ఉంటుంది. ఇట్టి గాదె చెట్టు ఒక్కొక్కదానిలో వేలకొలది రంధ్రాలు ఉంటవి. అవి ఒక ఏడాదిలో తొలచినవి కావు, తరతరాలుగా తొలచినవి. కనుక గాదె చెట్టు గల చోటు ఒక ఆస్తి వంటిది. ఉడుతలు, జే పక్షులు, పరాయి వడ్రంగి పిట్టలు దోచుకొనిపోకుండా గుంపు దానిని నిత్యం కాపలా కాస్తుంది. 'కమ్యూనిజం' అన్న మాటకు ఇక్కడనే మొదటి చిక్కు. గాదె గుంపులోని వారికి ఉమ్మడిదే, కాని గుంపు వెలుపలివారికి అందులో ఒక్క కాయ కూడా లేదు.

గుంపు లోపలి అమరిక ఇంకా విచిత్రమైనది. రెండు పక్షుల నుండి పదిహేను దాకా ఒక గుంపులో ఉండవచ్చును. వాటిలో సంతానం కనే మగ పక్షులు ఒకటి మొదలు ఏడెనిమిది వరకు ఉండవచ్చును. అవి సాధారణంగా అన్నదమ్ములు, లేదా తండ్రీ కొడుకులు. సంతానం కనే ఆడ పక్షులు ఒకటి మొదలు మూడు నాలుగు వరకు ఉండవచ్చును. అవి అక్కచెల్లెండ్రు, లేదా తల్లీ కూతుండ్రు. ఆ మగవాటికీ ఈ ఆడవాటికీ మాత్రం రక్తసంబంధం ఉండదు. ఆడ పక్షులన్నీ ఒకే తొర్రలో గ్రుడ్లు పెడతవి. వీటికి తోడు, మునుపటి సంవత్సరాలలో పుట్టిన పిల్లలు పెద్దవై, తాము సంతానం కనకుండా ఇంటిపట్టునే ఉండి తమ్ములను చెల్లెండ్రను పెంచడంలో సహాయపడతవి. వీటిని సహాయక పక్షులు అంటారు. అవి పుట్టిన గుంపులో తల్లిదండ్రులతో జత కట్టవు. ఇది ఊహగా మిగిలిపోలేదు. హేడాక్, కోనిగ్, స్టాన్‌బాక్ 2001లో ప్రకటించిన డి.ఎన్.ఎ. పరీక్షల వలన సహాయక పక్షులు తల్లిదండ్రులు కావడం దాదాపు లేదనీ, పిల్లలకు గుంపు వెలుపలి తండ్రి ఉండడం కూడా దాదాపు లేదనీ తేలినది.

ఇంత సంగతి తెలియడానికి కావలసినది సూక్ష్మమైన యంత్రం కాదు, రంగు కడియం. మాంటెరే జిల్లాలో కార్మెల్ లోయ ఎగువన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారికి హేస్టింగ్స్ అనే పరిశోధన వనం ఉన్నది. దానిని 1937లో ఏర్పాటు చేసినారు. అక్కడ 1968లో మైకేల్, బార్బరా మాక్‌రాబర్ట్స్ దంపతులు ఈ పక్షుల అధ్యయనం ప్రారంభించి, 1976లో ఒక గ్రంథం ప్రకటించినారు. తరువాత ఫ్రాంక్ పిటెల్కా, కోనిగ్, రొనాల్డ్ మమ్, సూసన్ హానన్ మొదలైనవారు ఆ పని కొనసాగించినారు. ప్రతి పక్షి కాళ్ళకూ వేర్వేరు వరుసలలో రంగు కడియాలు తొడిగితే, దూరదర్శినితో చూచి ఇది ఫలానా పక్షి, దీని తల్లి ఫలానాది అని చెప్పవచ్చును. కడియాలు లేనంతకాలం గుంపు ఒక ముద్దగా కనబడుతుంది, అందరూ కలిసి పనిచేస్తున్నట్లే తోస్తుంది. కడియాలు వచ్చిన తరువాతనే ఎవరు పెడుతున్నారు, ఎవరు తింటున్నారు, ఎవరు కనబడకుండా పోయినారు అనే ప్రశ్నలు పుట్టినవి. హేస్టింగ్స్ పరిశోధనకు ఉన్న నిజమైన గొప్పతనం ఈ ఓపికలోనే ఉన్నది. సిద్ధాంతాల సంగతి తరువాత చూతము.

కలహం ఎప్పుడు పుడుతుంది? సాధారణంగా ఒక మరణంతో. ఒక గుంపులో సంతానం కనే ఆడ పక్షి ఒక్కటే ఉన్నదనుకొనండి. అది గ్రద్దకు చిక్కి చనిపోయినది. మిగిలినవి తండ్రులు, కొడుకులు, కూతుండ్రు. కూతురు తల్లి స్థానంలోకి రాలేదు, తండ్రితో జత కట్టదు గనుక. చోటు ఖాళీగా ఉన్నది, గాదె నిండుగా ఉన్నది. ఈ సంగతి చుట్టుప్రక్కల గుంపులలోని ఆడ సహాయక పక్షులకు వెంటనే తెలిసిపోతుంది. అవి అక్కచెల్లెండ్రుగా జట్లు కట్టి వచ్చి వాలుతవి. ఒక జట్టు మరొక జట్టును తరుముతుంది, చెట్టు మీద నుండి క్రింద పడేదాకా కలబడి పొడుచుకొంటవి. కన్ను పోయినవాటిని, రెక్క విరిగినవాటిని పరిశోధకులు చూచినారు. పెద్ద జట్టుకే సాధారణంగా గెలుపు. ముగ్గురు అక్కచెల్లెండ్రు ఇద్దరిని ఓడించడం వింత కాదు గాని, ఆ జట్టు కట్టడానికి అక్కచెల్లెండ్రు పుట్టిల్లు విడిచి కలిసి పోవడం గమనింపదగినది. గెలిచిన తరువాత వారే ఒకే తొర్రలో గ్రుడ్లు పెట్టే సవతులు కావలసి ఉంటుంది.

ఇంతవరకు చెప్పినది వెలుపలివారి పోరాటం. లోపలివారి సంగతిని గురించి 1985లో హానన్, మమ్, కోనిగ్, పిటెల్కా ప్రకటించిన వ్యాసం ఈ విషయంపై వచ్చిన వాటిలో అన్నిటికన్న జాగ్రత్తగా చదువదగినది. దానికి ప్రాధాన్యం ఎందుకంటే, మరణాల కోసం ఎదురుచూస్తూ కూర్చోక, సంతానం కనే పక్షులను గుంపు నుండి తీసివేసి ఏమి జరుగుతుందో చూచిన పరిశోధన అది. ఒక్క ఖాళీ ఏర్పడితే కుటుంబంలో ఎవరి హితం ఎటు ఉంటుందో ఆలోచించి చూడండి. తల్లి పోయినప్పుడు కొడుకులకు అది ఒక విధంగా అవకాశం. కొత్తగా వచ్చే ఆడ పక్షికీ వాటికీ రక్తసంబంధం లేదు కనుక, నిన్నటిదాకా సహాయకులుగా ఉన్న కొడుకులు తండ్రితో పాటు తామూ సంతానం కనే స్థితికి రావచ్చును. తండ్రికి కొత్త జోడు కావాలి. కాని ఇంతవరకు తనకు పోటీ కాని కొడుకులు ఇకమీదట పోటీ అవుతారు. కూతుండ్రకు మాత్రం వచ్చేవారివల్ల నష్టమే. గెలిచిన జట్టు తమ జాతి ఆడవాటిని ఆ చోట నిలువనివ్వడం అరుదు. ఆ విధంగా ఒకే ఇంటిలో ఒకరు తలుపు తీస్తే మరొకరు మూస్తారు. 'కుటుంబం' అన్న మాట వాడినంత మాత్రాన అందరికీ ఒకే హితం ఉండదని ఇంత స్పష్టంగా చూపిన క్షేత్ర పరిశీలనలు తక్కువ.

ఈ ఖాళీ త్వరగా నిండకపోతే మరొక వింత. గుంపులో పెద్దవైన మగవి ఉన్నవి, పెద్దవైన ఆడవి ఉన్నవి. కాని అవి తండ్రీ కూతుండ్రు, అన్నాచెల్లెండ్రు. అట్టి గుంపు ఆ ఋతువులో గ్రుడ్లు పెట్టకుండానే ఊరకుండవచ్చును. 1999లో కోనిగ్, స్టాన్‌బాక్, హేడాక్ ఈ నష్టాన్ని లెక్కగట్టి చూపినారు. ఉపాధ్యాయులు జన్యుశాస్త్ర పాఠంలో సమీప రక్తసంబంధపు సంతానం గురించి చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ ఎంతో ఉపయోగిస్తుంది. పక్షికి జన్యుశాస్త్రం తెలుసునని దీని అర్థం కాదు. తాను పుట్టినప్పుడు గూటి దగ్గర ఉన్న పెద్దలతో జత కట్టరాదు అన్న చిన్న నియమం చాలును.

గ్రుడ్ల సంగతి 1983లో 'నేచర్' పత్రికలో మమ్, కోనిగ్, పిటెల్కా వెల్లడించినారు. అక్కచెల్లెండ్రు ఒకే తొర్రలో గ్రుడ్లు పెడతవని అదివరకే తెలుసును. అంతకన్న సహకారం ఇంకేమి కావాలి అని అందరూ అనుకొన్నారు. తొర్రలలోకి దినదినమూ తొంగిచూచి, గ్రుడ్లు లెక్కపెట్టి, దూరాన దాగి కాపు వేసిన తరువాత తెలిసినది వేరు. ముందుగా గ్రుడ్డు పెట్టిన పక్షి గ్రుడ్డును, ఇంకా పెట్టని సోదరి ముక్కున కరచి బయటికి తెస్తుంది. దానిని ఒక కొమ్మ సందున పెట్టి పగులగొట్టి తింటుంది. ఒక్కొక్కప్పుడు గుంపులోని ఇతర పక్షులూ, గ్రుడ్డు పెట్టిన తల్లి కూడా వచ్చి ఆ విందులో పాల్గొంటవి. రెండవది కూడా పెట్టడం మొదలైన తరువాత ఈ ధ్వంసం ఆగిపోతుంది. ఏ గ్రుడ్డు ఎవరిదో పక్షికి తెలియదు కనుక, తన గ్రుడ్డు కూడా అందులో ఉన్నప్పుడు దేనినీ ముట్టదని పరిశోధకుల వివరణ. 1995లో ప్రకటించిన లెక్క ప్రకారం ఇట్టి ఉమ్మడి గూళ్ళలో పెట్టిన గ్రుడ్లలో మూడవ వంతుకు మించి ఈ విధంగా నాశనమవుతున్నవి.

ఈ ఒక్క పరిశీలనతో 1925 నాటి మాట కూలిపోయినది. కాని దానికి బదులు 'పాపం, స్వార్థం, కుట్ర' అనే మాటలను తెచ్చి పెడితే అదీ అంతే కూలుతుంది. గ్రుడ్లను పగులగొట్టిన సోదరీమణులే ఆ తరువాత మిగిలిన గ్రుడ్లను వంతులవారీగా పొదుగుతవి, పిల్లలకు భేదం లేకుండా మేత పెడతవి, గాదెను కలిసి కాస్తవి. కలహమూ సహకారమూ రెండు వేర్వేరు పక్షుల గుణాలు కావు. ఒకే పక్షి ఉదయం చేసేది ఒకటి, సాయంత్రం చేసేది ఇంకొకటి. 1983 నాటి వ్యాసంలోని మెచ్చుకొనదగిన గుణం ఏమంటే, అది తన శీర్షికలో కూడా జరిగిన పనినే చెప్పినది. సోదరీమణులు పరస్పరం గ్రుడ్లను నాశనం చేస్తున్నవి అన్నది, అంతే. అందులో చూచినదీ అన్నదీ ఒకటే.

1987లో కోనిగ్, మమ్ కలిసి వ్రాసిన గ్రంథాన్ని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయంవారు ప్రచురించినారు. సహకారంతో సంతానం పెంచే ఈ పక్షి జనాభా లెక్కలు, ఆయుర్దాయం, గుంపుల పుట్టుక, క్షయం అన్నీ అందులో ఉన్నవి. ఉన్నత పాఠశాల విద్యార్థి చదువగల పుస్తకం కాదు, పట్టికలు ఎక్కువ. అయినా పట్టికలే దాని బలం. పిల్లలు ఇల్లు విడువకపోవడానికి ఆ గ్రంథంలోను, అంతకు ముందు ఆ బృందంవారి వ్యాసాలలోను ప్రధానంగా చెప్పిన కారణం మంచి చోట్లు ఖాళీ లేకపోవడం. గాదెలున్న చోట్లన్నీ నిండి ఉన్నవి, పోదామన్నా చోటు లేదు, కనుక ఇంట్లో ఉండి ఎదురుచూస్తవి అన్నది వారి వాదన.

సరిగ్గా అదే సంవత్సరం పీటర్ స్టేసీ, డేవిడ్ లైగన్ 'అమెరికన్ నాచురలిస్ట్' పత్రికలో దీనిని ఎదిరించినారు. న్యూమెక్సికో రాష్ట్రంలోని వాటర్ కాన్యన్‌లో వారు చూచిన చోట, కొన్ని నివాస క్షేత్రాలు ఖాళీగా పడి ఉన్నా, మంచి గాదెలున్న ఇండ్లలోని పిల్లలు వాటిలోకి పోలేదు. పోవడానికి చోటు లేక కాదు, ఉన్న చోటు మేలైనది గనుక ఉన్నవని వారి వాదన. రెండింటి మధ్య భేదం సన్నగా కనబడవచ్చును. ఉద్యోగం దొరకక ఇంటిపట్టున ఉన్న కొడుకుకూ, దొరికిన ఉద్యోగం కన్న తండ్రి మాగాణి లాభమని ఉన్న కొడుకుకూ గల భేదం వంటిది అది. అంతకు ముందే 1978లో స్టేసీ, బాక్ 'సైన్స్' పత్రికలో మరొక సంగతి చూపినారు. ఆగ్నేయ అరిజోనాలోని కొన్ని చోట్ల ఇదే పక్షి గాదె కట్టకుండా, గుంపు కూడకుండా, జంటగా బ్రతికి శీతకాలంలో వలసపోతుంది. గాదె లేని చోట కుటుంబమూ లేదు, కలహమూ లేదు!

హేస్టింగ్స్ పరిశోధనపై చేయవలసిన గట్టి ఆక్షేపణ ఇక్కడనే ఉన్నది. అది అక్కడి పరిశోధకుల కన్న వారిని ఉదహరించేవారికి ఎక్కువగా తగులుతుంది. ఒక లోయలోని పక్షులను చూచి 'ఓక్ వడ్రంగి పిట్ట ఇట్లా చేస్తుంది' అని వ్రాయడం తేలిక. 'హేస్టింగ్స్‌లో, గాదెలు ఇంత దట్టంగా ఉన్నప్పుడు, ఇట్లా చేస్తుంది' అని వ్రాయడం కష్టం, చదవడానికి చప్పగా కూడా ఉంటుంది. కాని నిజం రెండవ వాక్యంలో ఉన్నది. హేస్టింగ్స్‌లో కూడా ఓక్ కాయ పంట ఏటేటా ఒకే తీరున ఉండదు. 1980 నుండి కోనిగ్ తన సహచరులతో చెట్టు చెట్టునూ చూచి కాయల పంటను లెక్కించడం ప్రారంభించినారు. కాయ కాయని ఏడు గుంపులు చోటు వదలి చెదరిపోవడం కూడా ఉన్నది. వంశాల పేరు చెప్పి పోరాడుతున్నట్లు కనబడే ఈ కలహాల వెనుక కాయ లెక్క ఎప్పుడూ ఉన్నది.

2020 నాటి వ్యాసం కొత్త సాధనంతో వచ్చినది. సూర్యరశ్మితో పనిచేసే చిన్న రేడియో బిళ్ళలను పక్షుల వీపులకు కట్టినందువల్ల, పోరాటం జరిగే చెట్టు దగ్గర ఏ పక్షి ఎప్పుడు వచ్చినది, ఎంతసేపు ఉన్నది, ఎక్కడి నుండి వచ్చినది అనే లెక్క మనిషి కన్ను మూసినా సాగుతూనే ఉన్నది. హిమాలయ పక్షులపై కూడా పనిచేసిన భారతీయ శాస్త్రజ్ఞుడు బర్వే ఇందులో ముఖ్యుడు. తేలిన సంగతులు ఆశ్చర్యకరమైనవి. పోరాడే జట్లలోని కొన్ని పక్షులు రోజుకు పది గంటల దాకా, వరుసగా కొన్ని రోజులు అక్కడే ఉన్నవి. పోరాడకుండా చూచి పోయే పక్షులు కూడా అనేకం వచ్చినవి. వాటిలో కొన్ని మూడు కిలోమీటర్ల దూరం నుండి వచ్చినవి. అవి తమ గాదెలను విడిచి రోజుకు గంట సేపటిదాకా అక్కడ గడపినవి.

చూచినది ఇంతే. 'ప్రేక్షకులు' అన్నది దానికి పెట్టిన పేరు. ప్రేక్షకుడు అంటే చూడడం కోసం వచ్చినవాడు. అవి చూడడం కోసమే వచ్చినవని బిళ్ళ చెప్పదు. బిళ్ళ చెప్పేది దూరమూ, కాలమూ మాత్రమే. చుట్టుప్రక్కల గుంపుల స్థితిగతుల సమాచారం సేకరించడానికి వచ్చి ఉంటవని వ్యాసకర్తల ఊహ. అది సమంజసమైన ఊహే. కాని అవి తగిన జట్టు దొరికితే తామూ దిగుదామని పొంచి ఉన్న పోటీదారులు కావచ్చును. పది మంది అరుస్తుంటే వీధిలోకి వచ్చే జనం వలె గోలకు చేరినవి కావచ్చును. గాదె వదలి రావడంలో నష్టం ఉన్నదని వ్యాసం చక్కగా చూపినది. నష్టం ఉన్నది గనుక లాభం ఉండే ఉంటుందనడం మాత్రం న్యాయమైన అనుమానమే గాని పరిశీలన కాదు. 'యుద్ధం' అన్న మాటకూ ఇదే తూకం. అందులో ఏండ్ల తరబడి సైన్యం లేదు, నాయకుడు లేడు. నాలుగు రోజులలో ముగిసి, గెలిచిన సోదరీమణులు గ్రుడ్లు పెట్టడంతో సద్దుమణిగే ఒక స్థానానికి పోటీ అది. పత్రికలకు ఎక్కినది మాత్రం ఆ మాటే.

మాట ఆకర్షించడం తప్పు కాదు. మాట వల్ల కొత్తగా ఏదైనా లెక్కించదగిన సంగతి బయటపడుతున్నదా అన్నది అసలు పరీక్ష. 1981లో 'అధికార పోరాటం' అన్నందువల్ల, పెద్ద జట్టుకు గెలుపు రావాలి అన్న ఊహ పుట్టినది, లెక్కించినారు, సరిపోయినది. కనుక ఆ మాట పనికివచ్చినది. 2021లో 'ప్రొసీడింగ్స్ ఆఫ్ ది రాయల్ సొసైటీ' జీవశాస్త్ర భాగంలో బర్వే తదితరులు నలభై ఏండ్ల లెక్కలను తిరగవేసి, అన్నదమ్ములతో కలిసి సంతానం కనే మగ పక్షి, ఒంటరిగా కనే పక్షి కన్న ఎక్కువ ఏండ్లు తన స్థానంలో నిలిచి, జీవితం మొత్తం మీద ఎక్కువ సంతానం పొందుతున్నదని చూపినారు. ఆడ పక్షులకు ఆ లాభం అంత స్పష్టంగా లేదు. ఏ ఒక్క ఋతువునో చూచి 'పంచుకొన్నవాడికి నష్టం' అన్న పూర్వపు లెక్కను ఇది మగవాటి విషయంలో మార్చినది. ఇది నలభై ఏండ్లు కడియాలు తొడిగితే గాని దొరికే ఫలితం కాదు. శీర్షికలో యుద్ధం లేకపోయినా ఇదే పెద్ద వార్త.

పాఠశాలల సంగతికి వస్తే, చీమలనూ తేనెటీగలనూ చూపి ఐకమత్యం బోధించే అలవాటు మన వాచకాలలో పాతది. ఓక్ వడ్రంగి పిట్టను అదే పాఠంలో చేర్చడం సులభం. గాదె బొమ్మ వేసి ఊరుకొంటే చాలును. గ్రుడ్లు పగులగొట్టే బొమ్మ వేసి 'అక్కచెల్లెండ్రను నమ్మరాదు' అని చెప్పడం కూడా అంతే సులభం. రెండు పాఠాలూ పక్షిని గురించి ఏమీ చెప్పవు. దానికన్న మేలైన పని ఒకటి ఉన్నది. మన పాఠశాలల ఆవరణలలోనే ఎండుటాకులు కెలుకుతూ, కిచకిచలాడుతూ ఆరేడు మట్టిరంగు పక్షులు గుంపుగా తిరుగుతూ ఉంటవి. హిందీలో వాటిని సాత్ భాయీ, అనగా ఏడుగురు అన్నదమ్ములు అంటారు. అవి కూడా గుంపుగా పిల్లలను పెంచే పక్షులే. ఆంథొనీ గాస్టన్ 1970వ దశాబ్దంలో ఢిల్లీలో వాటిని గుర్తించి, వెంబడించి పరిశీలించినారు. కడియాలు తొడగడానికి అనుమతి కావాలి, విద్యార్థులు ఆ పని చేయరాదు. కాని ఒక గుంపులో రోజూ ఎన్ని ఉన్నవి, ఎన్ని గూటికి మేత తెచ్చినవి, ఏ రోజు లెక్క తగ్గినది, తగ్గిన నాడు ఎవరు ఎవరిని తరిమినవి అని నోటు పుస్తకంలో రెండు గడులుగా వ్రాయించవచ్చును. ఎడమ గడిలో కనబడినది, కుడి గడిలో తోచినది. కుడి గడిలో ఏమి వ్రాసినా ఫరవాలేదు గాని, ఎడమ గడిలోకి 'కోపం', 'అసూయ', 'యుద్ధం' అన్న మాటలు జారకుండా చూడడం ఎంత కష్టమో మొదటి వారంలోనే విద్యార్థులకు తెలిసివస్తుంది.

హేస్టింగ్స్‌లో చూడవచ్చిన పక్షుల ప్రశ్న మాత్రం అట్లాగే నిలిచి ఉన్నది. దానిని తేల్చే మార్గం లేకపోలేదు. అవి సమాచారం కోసమే వస్తున్నవైతే, పోరాటాల దగ్గర ఎక్కువ కాలం గడపిన పక్షులు మరుసటి ఏడు ఆ ప్రాంతంలో ఖాళీ ఏర్పడినప్పుడు ఇతరుల కన్న ముందుగా చేరుకోవాలి, లేదా ఎక్కువ సార్లు గెలువాలి. కేవలం గోలకు వచ్చినవైతే అట్టి సంబంధం కనబడరాదు. పోటీకి పొంచి ఉన్నవైతే, తనకు సోదరీమణులు తక్కువైన పక్షి ఎక్కువసేపు చూచి, తక్కువసార్లు దిగాలి. బిళ్ళ నుండి వచ్చే కాలపు లెక్కనూ, కడియాల నుండి వచ్చే వంశపు లెక్కనూ కలిపి కొన్ని సంవత్సరాలు నడిపితే ఈ మూడింటిలో ఏది నిలుస్తుందో తెలుస్తుంది. అంతవరకు వాటిని 'వచ్చి పోయిన పక్షులు' అంటే సరిపోతుంది.